పెరటి కుళాయిలో ఫోర్సు ఎక్కడ పోతోంది?

ఇంటి లోపల కుళాయి బాగానే వస్తుంది. పెరట్లోకి, ప్రహరీ పక్కన మొక్కల దగ్గరికి వెళ్లేసరికి ధార సన్నబడిపోతుంది. ప్లంబరును పిలిస్తే సాధారణంగా మూడు సలహాల్లో ఒకటి ఇస్తాడు: పెద్ద కుళాయి బిగిద్దాం, ప్రెషర్ పంపు పెట్టుకోండి, ట్యాంకును ఇంకో నాలుగడుగులు లేపండి. మూడింటిలో ఏదీ పూర్తిగా తప్పు కాదు. కానీ ఎక్కువ ఇళ్లల్లో లోపం ఈ మూడింటిలోనూ ఉండదు. మట్టి కింద పూడ్చిన పైపులో ఉంటుంది. పూడ్చాక దాని సైజు ఎవరికీ గుర్తుండదు, తవ్వి చూసే ఓపికా ఉండదు. పైపు సైజు, వాల్వు రకం, వాల్వు సైజు ఆరుబయటి నీటిని ఎలా మారుస్తాయో లెక్కలతో సహా చూస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో తేలిపోతుంది. పైపులోనే పెట్టాలన్నది నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ముందుగా ప్రెషరును, నీటి పరిమాణాన్ని విడదీసి చూడాలి. మోటారుతో పనిలేని ఇంట్లో ప్రెషర్ ఎత్తు నుంచే వస్తుంది. ట్యాంకులో నీటిమట్టం కుళాయి కన్నా 10 మీటర్లు పైన ఉంటే కుళాయి దగ్గర చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ప్రెషర్ ఉంటుంది. కింద ఒక వాటా, పైన ఒక వాటా ఉన్న మామూలు ఇంట్లో, స్లాబు మీద చిన్న దిమ్మె కట్టి ట్యాంకు పెడితే పెరటి కుళాయికి దొరికే ఎత్తు 8 మీటర్లకు అటూఇటూగా, అంటే 0.8 కిలో. కుళాయి మూసి ఉన్నంతసేపూ ఈ అంకె మారదు. మధ్యలో అరంగుళం పైపు ఉన్నా నాలుగంగుళాల పైపు ఉన్నా, దారిలో పది ఎల్బోలు ఉన్నా గేజీ అదే చూపిస్తుంది. 1000 లీటర్ల ట్యాంకు తీసి అదే ఎత్తులో 5000 లీటర్లది పెట్టినా అంతే.

కుళాయి తిప్పాక సంగతి వేరు. నీరు కదలడం మొదలవగానే పైపు గోడలతో రాపిడి మొదలవుతుంది. ఆ 8 మీటర్లలో కొంత దారిలో ఖర్చవుతుంది, మిగిలింది కుళాయికి చేరుతుంది. సన్నపైపులో ఎక్కువ ఖర్చు, లావుపైపులో తక్కువ. పైపు సైజు ప్రెషరును పుట్టించదు, ఉన్న ప్రెషర్ ఎంత పోవాలో నిర్ణయిస్తుంది.

ఇక్కడే ఒక అపోహ ఉంది. పైపు చివర బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు దూరంగా చిమ్ముతాయి. అది చూసి చాలామంది సన్నపైపు వేస్తే ఫోర్సు పెరుగుతుందనుకుంటారు. వేలు దారిని చివరన మాత్రమే ఇరుకు చేస్తుంది. దాంతో తక్కువ నీరు పారుతుంది. తక్కువ పారితే పైపు పొడవునా రాపిడి తగ్గి ట్యాంకు ప్రెషర్ చాలా భాగం వేలి దాకా వస్తుంది, అక్కడ వేగంగా మారుతుంది. ధార దూరం పోతుంది కానీ బకెట్టు ఆలస్యంగా నిండుతుంది. అదే ఇరుకు 30 మీటర్ల పొడవునా ఉంటే ప్రెషర్ దారిలోనే అయిపోతుంది, చివరికి దూరమూ ఉండదు, నీరూ ఉండదు.

ఈ రాపిడికి లెక్క కట్టడం పంతొమ్మిదో శతాబ్దంలో గట్టిగా మొదలైంది. జర్మనీలో జూలియస్ వైస్‌బాక్ 1845లో ఒక సూత్రం ఇచ్చాడు. ఫ్రాన్స్‌లో తన సొంత ఊరు డిజాన్‌కు మంచినీటి పథకం కట్టిన హెన్రీ డార్సీ, పైపులలో నీటి నడక మీద చేసిన ప్రయోగాలను 1857లో ప్రచురించాడు. నేటికీ ఇద్దరి పేర్లూ కలిపే ఆ సూత్రాన్ని పిలుస్తారు. 1905లో గార్డ్‌నర్ విలియమ్స్, ఆలెన్ హేజెన్ అనే అమెరికన్ ఇంజినీర్లు పనిలో వాడుకోవడానికి తేలికైన పట్టికలు వేశారు. మన మునిసిపల్ ఇంజినీర్లు ఇప్పటికీ ఎక్కువగా వాడేది హేజెన్-విలియమ్స్ సూత్రమే. వీటన్నిటి సారం ఒకటే: ఒకే పరిమాణంలో నీరు పారుతున్నప్పుడు రాపిడి నష్టం వ్యాసానికి దాదాపు ఐదో ఘాతంలో మారుతుంది. వ్యాసం రెట్టింపు చేస్తే నష్టం సుమారు ముప్పయ్యో వంతుకు పడిపోతుంది.

ఇది ఇంటి లెక్కలో ఎలా ఉంటుందో చూద్దాం. నిమిషానికి 20 లీటర్లు కావాలనుకోండి. 15 లీటర్ల బకెట్టు ముప్పావు నిమిషంలో నిండే ధార అది, మొక్కలకు హాయిగా సరిపోతుంది. ట్యాంకు నుంచి పెరటి చివరికి 30 మీటర్ల తెల్ల యూపీవీసీ పైపు. అరంగుళం వేస్తే ఆ 30 మీటర్లలో పోయే ఎత్తు దాదాపు 6.8 మీటర్లు. ముప్పావు అంగుళమైతే 1.75 మీటర్లు. అంగుళమైతే అర మీటరు, కాస్త పైన. మన చేతిలో ఉన్నదే 8 మీటర్లు. అరంగుళం పైపు దాన్ని దాదాపు మొత్తం తినేస్తుంది. ఎల్బోలూ వాల్వులూ వాటి వాటా అవి తీసుకున్నాక ఆ 20 లీటర్లు రానే రావు. అంగుళం పైపులో మాత్రం ఇంకా ఏడు మీటర్లు మిగిలి ఉంటాయి.

ప్రెషర్ పంపుతో పోల్చి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఉన్న పైపులోకే రెట్టింపు ప్రెషరుతో నీరు తోస్తే ప్రవాహం రెట్టింపు కాదు, సుమారు 45 శాతం పెరుగుతుంది. పంపు జోలికి పోకుండా అరంగుళం పైపు తీసి ముప్పావు అంగుళం వేస్తే ప్రవాహం రెట్టింపు దాటుతుంది. పంపుకు కరెంటు కావాలి, నీరు వెనక్కి పోకుండా ఆపే ఎన్‌ఆర్‌వీ కావాలి, కొన్నేళ్లకోసారి మరమ్మతు కావాలి. పైపుకు ఇవేవీ అక్కర్లేదు. ఇల్లు కట్టేటప్పుడు కందకం ఎలాగూ తవ్వుతారు, కూలి ఎలాగూ ఇస్తారు. పైపు సైజు ఒక మెట్టు పెంచడానికి అయ్యే తేడా ఆ మొత్తంలో చిన్నది. పెరటి లైన్లకు "మొక్కలకేగా" అని అరంగుళం చుట్ట పడేసే అలవాటు చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఇంట్లో అందరికన్నా దూరంగా ఉండే కుళాయి అదే. లావుపైపు అవసరం దానికే ఎక్కువ.

అయితే లావుపైపు అడిగితే లావుపైపు దొరుకుతుందన్న నమ్మకం లేదు. సామాను షాపు కౌంటరు మీద మూడు ముక్కలు పక్కపక్కన పెట్టించి చూడండి: అరంగుళం యూపీవీసీ షెడ్యూల్ 40, అదే అరంగుళం షెడ్యూల్ 80, అరంగుళం సీపీవీసీ. పేరు ఒకటే. కోసిన అంచులో కళ్లు పెట్టి చూస్తే మూడు రంధ్రాలూ మూడు రకాలు. మొదటిది దాదాపు 15.8 మిల్లీమీటర్లు, రెండోది 14 లోపు, గీజరు లైన్లకు వాడే ఆ లేత పసుపు సీపీవీసీ పన్నెండున్నర లోపు. చూపుడువేలు మొదటి దానిలో కొస దూరుతుంది, మూడో దానిలో దూరదు. మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. నిమిషానికి అదే 20 లీటర్లు 30 మీటర్ల దూరం పంపితే సీపీవీసీ అరంగుళంలో పోయే ఎత్తు 22 మీటర్లు. మన 8 మీటర్ల ట్యాంకుకు అది అసాధ్యం. బాత్‌రూములో మూడు నాలుగు మీటర్ల పొడవుకు వేసే పైపును, మిగిలిపోయింది కదా అని పెరట్లోకి లాగితే జరిగేది ఇది.

నల్ల హెచ్‌డీపీఈ పైపుల్లో గందరగోళం ఇంకో రకం. వాటికి చెప్పే మిల్లీమీటర్లు బయటి కొలత. 25 మిల్లీమీటర్ల పైపు అడిగి తెచ్చుకుంటే లోపల దొరికేది 20 లోపో కాస్త అటూఇటో, అంటే మన ముప్పావు అంగుళానికి దగ్గర. అంగుళం దారి కావాలంటే 32 మిల్లీమీటర్లది అడగాలి. పొలాలకు వాడే బూడిదరంగు పీవీసీ పైపుదీ బయటి కొలతే. అందులో 4 కిలోలు, 6 కిలోలు, 10 కిలోలు అని తరగతులుంటాయి. తరగతి పెరిగిన కొద్దీ గోడ మందం పెరుగుతుంది, బయటి కొలత మారదు, లోపలి దారి తగ్గుతుంది. ప్రెషర్ లేని చోట పది కిలోల పైపు వేయడం గట్టితనం కోసమైతే సరే, నీళ్లెక్కువ వస్తాయనుకుంటే పొరపాటు. షాపులో అడగాల్సింది లోపలి కొలత.

లైను అంతా బాగా వేసి చివరన పోగొట్టుకునేవాళ్లూ ఉన్నారు. మొక్కలకు పట్టే మెత్తటి హోస్ పైపు ఎక్కువ ఇళ్లల్లో అరంగుళానిదే. దాని లోపలి దారి పన్నెండున్నర మిల్లీమీటర్లకు కాస్త పైన. 30 మీటర్ల చుట్టలో 20 లీటర్లకు దాదాపు 20 మీటర్ల ఎత్తు కావాలి. 8 మీటర్ల ట్యాంకుకు ఆ చుట్ట నేరుగా తగిలిస్తే నిమిషానికి 12 లీటర్లు దాటవు. ముప్పావు అంగుళం హోస్ అయితే 20 లీటర్లకు మూడు మీటర్ల లోపే. పూడ్చిన పైపును మార్చడం కష్టం, హోస్ మార్చడం ఐదు నిమిషాల పని. ధార తక్కువైతే మొదట మార్చి చూడాల్సింది ఇదే. 30 మీటర్ల చుట్ట అవసరం లేకపోతే సగానికి కోసుకోవడం ఇంకా చవక. పొడవు సగమైతే నష్టమూ సగమే.

అమెరికాలో ఉన్న మనవాళ్లు అరంగుళం హోస్‌తోనే లాన్ మొత్తం తడుపుతున్నామని చెబుతుంటారు. నిజమే. అక్కడ వీధి లైను నుంచి ఇంటికి వచ్చే ప్రెషర్ సాధారణంగా 50, 60 పీఎస్‌ఐ, అంటే 35 నుంచి 42 మీటర్ల ఎత్తుకు సమానం. 80 పీఎస్‌ఐ దాటితే ప్రెషర్ తగ్గించే వాల్వు పెట్టి తీరాలని అక్కడి ప్లంబింగ్ కోడ్‌లు చెబుతాయి. మన పెరటి కుళాయిది 11 పీఎస్‌ఐ. వాళ్లకు 20 మీటర్లు పోగొట్టుకునే వెసులుబాటు ఉంది, మనకు లేదు. అక్కడి వీడియోలు చూసి ఇక్కడ పైపు సైజులు నిర్ణయించుకోకూడదు. ప్రెషర్ తక్కువ ఉన్నచోటే పైపు లావుగా ఉండాలి.

పాత ఇళ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. జీఐ పైపు కొత్తలో నునుపుగానే ఉంటుంది. నల్గొండ వైపు గానీ రాయలసీమలో గానీ బోరు నీళ్లు పట్టిన పైపును ఇరవై ఏళ్ల తర్వాత కోస్తే లోపల సున్నం, తుప్పు కలిసిన పొర గరుకుగా పేరుకుని కనిపిస్తుంది. 15 మిల్లీమీటర్ల దారి 12కు తగ్గితే చాలు, అదే ఎత్తుకు వచ్చే నీరు దాదాపు సగమవుతుంది. ఇది ఇరుకుదనం లెక్క మాత్రమే, గరుకుదనం దానికి అదనం. హేజెన్-విలియమ్స్ సూత్రంలో పైపు నునుపుకు ఒక అంకె ఇస్తారు. పీవీసీకి 145, కొత్త జీఐకి 120. ఇళ్లకు ఇచ్చే 50 మిల్లీమీటర్ల లోపు జీఐ కనెక్షన్లకు డిజైన్ చేసేటప్పుడు 55 మాత్రమే తీసుకోమని కేంద్ర ప్రజారోగ్య, పర్యావరణ ఇంజినీరింగ్ సంస్థ మాన్యువల్ చెబుతుంది. ముసలి పైపు మీద ఇంజినీర్లకు ఎంత నమ్మకమో ఆ అంకెలో ఉంది. అలాంటి లైనుకు కొత్త కుళాయి బిగించడం, ప్రెషర్ పంపు పెట్టడం రెండూ వృథా. పైపు మార్చడమే దారి.

ఇక వాల్వులు. ధార తగ్గగానే అందరి చూపూ వాల్వు మీద పడుతుంది, ఎందుకంటే కంటికి కనిపించేది అదే. నా లెక్కలో వాల్వు మీద పడే నిందలో సగమే న్యాయం. ఇంజినీర్లు వాల్వు నష్టాన్ని అంతే నష్టం కలిగించే పైపు పొడవుగా మార్చి చెబుతారు. పూర్తిగా తెరిచిన ఫుల్ బోర్ (రంధ్రం పైపంత ఉండే) బాల్ వాల్వు తన వ్యాసానికి మూడింతల పైపుతో సమానం, గేట్ వాల్వు ఎనిమిదింతలు, మామూలు ఎల్బో ముప్పయ్యింతలు. చక్రం తిప్పి వాషరును కిందికి దించే గ్లోబ్ వాల్వు మాత్రం దాదాపు 340 ఇంతలు. అంగుళం లైనులో ఒక గ్లోబ్ వాల్వు అంటే ఎనిమిదిన్నర మీటర్ల అదనపు పైపు. దాని పొట్టలో నీరు పైకి తిరిగి, కిందికి తిరిగి, మళ్లీ ముందుకు పోవాలి. బయటికి చూస్తే గేట్ వాల్వుకూ గ్లోబ్ వాల్వుకూ పెద్ద తేడా ఉండదు, రెండింటికీ చక్రమే. లోపల నష్టంలో నలభై రెట్ల తేడా. పాతకాలపు వాషరు కుళాయి కూడా లోపల గ్లోబ్ వాల్వు లాంటిదే.

మన 30 మీటర్ల అరంగుళం లైనుకే ఇది వర్తింపజేస్తే, 20 లీటర్ల దగ్గర పైపు 6.8 మీటర్లు తింటుంది, ఒక గ్లోబ్ వాల్వు 1.2 మీటర్లు, ఆరు ఎల్బోలు కలిపి 0.65 మీటరు. పెద్ద దొంగ పైపే. గ్లోబ్ తీసి బాల్ వాల్వు వేస్తే మేలు తప్పకుండా ఉంటుంది, పైపు మార్చినంత మేలు మాత్రం ఉండదు. అరంగుళం పైపు చివర అంగుళం వాల్వు బిగించడం అసలు ఉపయోగం లేని ఖర్చు. నీరు అప్పటికే పైపులో ఓడిపోయి వస్తోంది.

తిరగేసి అడిగితే? అంగుళం లైనులో ముప్పావు అంగుళం వాల్వు పెడితే? చాలామంది భయపడేంత నష్టం లేదు. ఇరుకు రెండంగుళాల పొడవే కాబట్టి నీరు అక్కడ వేగం పుంజుకుని దాటిపోతుంది. 15 మిల్లీమీటర్ల రంధ్రమున్న బాల్ వాల్వులో 20 లీటర్లకు పోయేది పది సెంటీమీటర్లకు అటూఇటూ. పెరటి లైనుకు ఇది పట్టించుకోనక్కర్లేదు. అన్ని చోట్లా చిన్న వాల్వులే వేసుకుంటూ పోతే, లేదా ప్రెషర్ మరీ తక్కువగా ఉన్నచోట వేస్తే మాత్రం తేడా తెలుస్తుంది. వాల్వు కొనేటప్పుడు హ్యాండిల్ పూర్తిగా తెరిచి, రంధ్రంలోంచి వెలుతురు వైపు చూడండి. ముప్పావు అంగుళమని రాసి ఉన్న చవకరకం వాల్వులో బంతి రంధ్రం చిటికెనవేలంతే ఉంటుంది.

సగం మూసిన గేట్ వాల్వు ఇంకో మూలకారణం. ట్యాంకు కింద ఎప్పుడో రిపేరుకు మూసి, మళ్లీ తెరిచేటప్పుడు రెండు చుట్లు తక్కువ తిప్పి వదిలేస్తారు. మూడొంతులు మూసి ఉన్న గేట్ వాల్వు పూర్తిగా తెరిచిన దాని కన్నా వంద రెట్ల దాకా ఎక్కువ నష్టం చేస్తుంది. ఉప్పునీళ్లలో గేటు పట్టేసి, చక్రం తిరిగినా లోపలి పలక లేవకపోవడం కూడా మామూలే. అందుకే బయటి లైన్లకు నేను గేట్ కన్నా ఫుల్ బోర్ బాల్ వాల్వే మేలంటాను. హ్యాండిల్ పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. అనుమానానికి తావు లేదు.

బాల్ వాల్వుకు ఒక జాగ్రత్త ఉంది. పారుతున్న నీటిని టక్కున ఆపితే ఆ వేగమంతా ప్రెషర్ దెబ్బగా మారుతుంది. రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ జుకోవ్‌స్కీ మాస్కో నీటి సరఫరా పైపుల మీద ప్రయోగాలు చేసి 1898లో దీనికి సూత్రం ఇచ్చాడు. సెకనుకు ఒక మీటరు వేగం ఒక్కసారిగా ఆగితే ఇనుప పైపులో పన్నెండు కిలోలకు పైగా, పీవీసీలో నాలుగు కిలోల దాకా ప్రెషర్ ఎగుస్తుంది. 30 మీటర్ల పెరటి లైనులో చేత్తో అంత వేగంగా మూయడం కష్టం. 300 మీటర్ల బోరు లైనులో మాత్రం ఒకటిన్నర సెకను లోపు హ్యాండిల్ తిప్పేస్తే పూర్తి దెబ్బ పడుతుంది. సాకెట్ల దగ్గర పైపులు ఊడిపోవడానికి ఇదొక కారణం. పొలం వాల్వును నిదానంగా మూయాలి.

కనెక్షన్ సైజు గొడవ రెండువేల ఏళ్ల నాటిది. క్రీ.శ. 97లో రోము నగర నీటి సరఫరా బాధ్యత తీసుకున్న ఫ్రాంటినస్, తాను రాసిన గ్రంథంలో ఇంటి కనెక్షన్ల మోసాల గురించి వివరంగా చెప్పాడు. ప్రతి ఇంటికీ అనుమతించిన సైజులో ముద్ర వేసిన కంచు గొట్టం బిగించేవారు, దాని వెనక కొంతమంది వెంటనే లావుపైపు తగిలించి హక్కుకు మించి నీరు లాగేవారు. దీన్ని ఆపడానికి మొదటి 50 అడుగుల దాకా లావుపైపు వేయకూడదన్న నిబంధన ఉండేది. కంచు గొట్టం సైజు మారకపోయినా దాని వెనక పైపును బట్టి ప్రవాహం మారుతుందని వాళ్లకు అనుభవంతో తెలుసు. మన వీధి లైనుకు బిగించే ఫెర్రూల్ చేసే పనీ ఆ కంచు గొట్టం పనే.

ఆ ఫెర్రూల్ దగ్గర ఎంత ప్రెషర్ ఉండాలన్నదానికీ ప్రమాణం ఉంది. ఒక అంతస్తు ఇళ్లకు 7 మీటర్లు, రెండంతస్తులకు 12, మూడంతస్తులకు 17 మీటర్లు మిగిలేలా పంపిణీ లైన్లు డిజైన్ చేయాలని ఇందాకటి కేంద్ర మాన్యువల్ 1999 కూర్పు చెప్పింది. గంటో రెండు గంటలో నీళ్లు వదిలే ఊళ్లలో ఆ ప్రెషర్ లైను మొదట్లో ఉంటుంది, చివరి ఇళ్లకు ఉండదు. అప్పుడు జనం లైనుకే మోటారు తగిలిస్తారు. పైపులో ప్రెషర్ గాలి ఒత్తిడి కన్నా కిందికి పడితే పగుళ్లలోంచి మురుగు లోపలికి పీల్చుకుంటుంది, పక్కింటి వాళ్లకు చుక్క రాదు. చట్టం సంగతి అలా ఉంచితే, ఇది ఆరోగ్యం సంగతి. వచ్చిన నీటిని సంపులో పట్టి, సంపు నుంచి ట్యాంకుకు ఎక్కించడం తప్ప మంచి దారి లేదు. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథలో ఇంటి నల్లాల దగ్గర ఫ్లో కంట్రోల్ వాల్వులు బిగించారు. లైను మొదట్లో ఉన్న ఇంటికి ప్రెషర్ ఎక్కువున్నా ఆ వాల్వు ప్రవాహాన్ని ఒక హద్దులో ఆపుతుంది, మిగిలింది చివరి ఇంటికి పోతుంది. వాల్వును ఇరుకు చేయడం కూడా ఒక సేవేనని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టదు.

మిద్దె తోటల దగ్గరికి వస్తే ఈ విషయమంతా మరింత సున్నితమవుతుంది. కుండీలు స్లాబు మీదే, ట్యాంకూ స్లాబు మీదే. ట్యాంకు అడుగుకూ కుండీ అంచుకూ మధ్య ఎత్తు మీటరో రెండు మీటర్లో. పెరట్లో ఎనిమిది మీటర్లతో చేసిన పని ఇక్కడ రెండింటితో చేయాలి. గ్లోబ్ వాల్వు లాంటివాటికి ఇక్కడ చోటే లేదు. డ్రిప్ కిట్లు కొనేవాళ్లు ముఖ్యంగా గమనించాల్సింది ఒకటుంది. మామూలు డ్రిప్పరును ఒక కిలో ప్రెషర్ దగ్గర గంటకు 4 లీటర్లు ఇచ్చేలా చేస్తారు. ప్రవాహం ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి రెండు మీటర్ల ఎత్తులో అదే డ్రిప్పరు 1.8 లీటర్లే ఇస్తుంది. అది లోపం కాదు, ఎక్కువసేపు వదిలితే సరిపోతుంది. ప్రెషరును తమంతట తామే సరిచేసుకునే రకం డ్రిప్పర్లు మాత్రం అర కిలో, కిలో ఉంటే గానీ సరిగా పనిచేయవు. మిద్దె మీద గ్రావిటీకి వాటిని కొనకండి.

ఇంకా పెద్ద పొరపాటు 4 మిల్లీమీటర్ల సన్నగొట్టాన్నే మెయిన్ లైనుగా తిప్పేయడం. పది మీటర్ల పొడవులో గంటకు 40 లీటర్లు, అంటే గంటకు 2 లీటర్ల చొప్పున ఇరవై కుండీలకు, పంపాలంటే దానికి నాలుగు మీటర్ల ఎత్తు కావాలి. మన దగ్గరున్నది రెండే. మొదటి ఐదారు కుండీలు తడుస్తాయి, చివరివి ఎండుతాయి. అదే 40 లీటర్లను 16 మిల్లీమీటర్ల నల్ల డ్రిప్ పైపులో (లేటరల్) పంపితే పోయేది సెంటీమీటరు, కాస్త పైన. 16 మిల్లీమీటర్ల పైపు మిద్దె చుట్టూ తిప్పి, ఒక్కో కుండీకి జానెడు సన్నగొట్టం తీసుకుంటే మొదటి కుండీకీ చివరి కుండీకీ తేడా కనిపించదు. ట్యాంకు నుంచి దిగే పైపు మధ్యలో మూపురంలా పైకి లేవకుండా చూసుకోవాలి. అక్కడ గాలి చేరి ఇంత తక్కువ ప్రెషరులో ప్రవాహాన్ని పూర్తిగా ఆపేస్తుంది. జల్లెడ ఫిల్టరు పూడుకుపోయినా అదే గతి.

ఇంత చెప్పాక, మరీ లావుగా వేస్తే నష్టం లేదా అన్న ప్రశ్న వస్తుంది. ఉంది. నీరు సెకనుకు అర మీటరు కన్నా బాగా నెమ్మదిగా కదిలితే బోరు నీటిలోని ఇసుక, ఒండ్రు పైపులోనే దిగిపోతాయి. మే నెల ఎండలో నేల మీద పడి ఉన్న లావు నల్లపైపులో నిలిచిన నీరు కాగి, మొదటి పది లీటర్లు మొక్క వేళ్లను ఉడికిస్తుంది. బోరు నిమిషానికి 30 లీటర్లే ఇస్తుంటే మూడంగుళాల పైపు వేసినా 31 రాదు. సెకనుకు మీటరు, మీటరున్నర వేగం వచ్చేలా సైజు ఎంచుకోవడం ఇంటికైనా చేనుకైనా మంచి కొలత. గ్రావిటీ లైనులో ఇంకాస్త తక్కువ వేగానికి ఎంచుకున్నా పరవాలేదు.

లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి తవ్వనక్కర్లేదు. కుళాయికి గేజీ బిగించి అన్నీ మూసినప్పుడు ఒకసారి, పక్కన ఇంకో కుళాయి పూర్తిగా తెరిచి ఒకసారి చూడాలి. మూసినప్పుడే అంకె తక్కువుంటే ఎత్తు చాలడం లేదు, అప్పుడు పంపు గురించి, దిమ్మె గురించి ఆలోచించాలి. మూసినప్పుడు 0.8 చూపించిన ముల్లు రెండో కుళాయి తెరవగానే 0.2కు జారిపోతే తప్పు దారిదే: సన్నపైపు, పూడిన పైపు, సగం మూసిన వాల్వు. తర్వాత ట్యాంకు దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కో కుళాయి దగ్గర బకెట్టు నింపి సెకన్లు లెక్కపెడుతూ పోతే, ఏ రెండు కుళాయిల మధ్య ధార ఒక్కసారిగా పడిపోయిందో తెలిసిపోతుంది. గేజీ లేకపోతే మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక గొట్టం కుళాయికి బిగించి మేడమెట్ల మీదుగా పైకి పట్టుకున్నా నీరు ఎంత ఎత్తు లేస్తుందో కనిపిస్తుంది.

చేలల్లో ఈ లెక్క అన్నిటికన్నా బరువైనది, అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురైనదీ అదే. డ్రిప్, స్ప్రింక్లర్ల విషయంలో పరిస్థితి కొంత మెరుగు. వరసగా రంధ్రాలున్న పైపులో నీరు పోయేకొద్దీ తగ్గుతుంది కాబట్టి నష్టం మామూలు పైపులో మూడో వంతు చిల్లరే ఉంటుందని కాలిఫోర్నియాలో క్రిస్టియన్‌సెన్ 1942లో లెక్క తేల్చాడు. లేటరల్ మొదటికీ చివరికీ ప్రెషర్ తేడా 20 శాతం మించకూడదన్నది డిజైన్ చేసేవాళ్లు పాటించే హద్దు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో సూక్ష్మసేద్య పథకం వచ్చినప్పటి నుంచి ఈ డిజైన్లు రైతు కాగితాల్లోకి వచ్చాయి. కానీ బోరు నుంచి చేను గట్టు దాకా, చేను నుంచి ఇంకో చేను దాకా వేసే మామూలు పైపుకు లెక్క వేసేవారు ఎవరూ లేరు. షాపులో ఉన్నది, చేతిలో డబ్బుకు అందింది వేస్తారు.

నిమిషానికి 200 లీటర్లు, 300 మీటర్ల దూరం అనుకుందాం. 63 మిల్లీమీటర్ల పీవీసీ పైపులో పోయే ఎత్తు 8 నుంచి 9 మీటర్లు. 75 మిల్లీమీటర్లదైతే మూడున్నర. 90 అయితే ఒకటిన్నర. 63కూ 90కీ మధ్య ఏడు మీటర్ల తేడా ఉంది. మోటారు, పంపు కలిపి 40 శాతం సామర్థ్యంతో పనిచేస్తే ఆ ఏడు మీటర్లకు దాదాపు 0.6 కిలోవాట్. ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చే తొమ్మిది గంటల వ్యవసాయ కరెంటులో అది రోజుకు ఐదు యూనిట్లు, ఒక్క బోరుకు. మోటారు అదే అయితే కరెంటు బదులు నీరు తగ్గుతుంది, తడవాల్సిన చివరి మడి తడవదు. బావి మోటార్లకు ఇరుకు ఫుట్ వాల్వులు, సన్న జీఐ పైపులు తీసి లావు పీవీసీ పైపులు, తక్కువ నష్టమున్న ఫుట్ వాల్వులు వేస్తే కరెంటు గణనీయంగా మిగులుతుందని గుజరాత్‌లో 1980ల నాటికే పొలాల్లో చేసి చూపించారు. అది కొత్త సంగతి కాదు.

రైతును తప్పుపట్టడానికి లేదు. లావుపైపు ఖర్చు అతని జేబు నుంచి పోతుంది, మిగిలే కరెంటు బిల్లు అతనిది కాదు. ఉచిత విద్యుత్తు భారం మోసేది రాష్ట్ర ఖజానా, లాభం పొందేదీ అదే. కాబట్టి 63కూ 90కీ మధ్య ఉన్న ధర తేడాను భరించాల్సింది కూడా ఖజానాయే. కొత్త వ్యవసాయ కనెక్షన్ దరఖాస్తులో మోటారు హార్స్‌పవర్ అడిగే గడి పక్కన డెలివరీ పైపు సైజు, పొడవు అడిగే గడి ఒకటి చేర్చి, నష్టం మూడు మీటర్లు దాటితే పై సైజుకు తేడా సొమ్ము ఇవ్వడం డిస్కంలకు చేతనైన పని. ఇప్పటికే వేసి ఉన్న లైన్లకైతే ఫుట్ వాల్వుతో, ఎన్‌ఆర్‌వీతో మొదలుపెట్టవచ్చు. వాటిని మార్చడానికి మట్టి తవ్వనక్కర్లేదు.